నాలుగు పిస్టన్లు పెడితే బ్రేకు రెండింతలవుతుందా?

మన ఊళ్లలో బండి నేర్పేవాళ్లు మొదట చెప్పే మాట, "ముందు బ్రేకు జోలికి పోకు, పల్టీ కొడతావు." ఇక్కడ బ్రిటన్‌లో లైసెన్సు కావాలంటే గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని ఉన్నపళంగా ఆపి చూపించాలి. వెనక బ్రేకును నమ్ముకుంటే అది అయ్యే పని కాదు. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది, ఆపే పనిలో ఎక్కువ భాగం దానిదే. ఈ సంగతి తెలిశాక మనవాళ్లకు ముందు బ్రేకంటే భయం పోయి మోజు మొదలవుతుంది. మా బాబాయి కొడుకు సంగతీ అంతే.

వాడిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఇంటర్‌సెప్టర్ 650. ముందు 320 మిల్లీమీటర్ల డిస్కు ఒకటే, దానికి రెండు పిస్టన్ల కాలిపర్. స్నేహితుణ్ణి వెనక ఎక్కించుకుని వెళ్తే రౌండబౌట్ దగ్గర లివర్‌ను నాలుగు వేళ్లతో పిండాల్సి వచ్చిందట. పెళ్లై ఆరు నెలలు, మరదలు వచ్చే నెల హైదరాబాద్ నుంచి వస్తోంది. వాడి కంగారు అక్కడ.

"అన్నా, ఇది ఇండియా బ్రేకు కదా. తీసేసి ఫోర్ పిస్టన్ బ్రెంబో వేద్దాం. డబుల్ పవర్ వస్తుంది."

ఆ కాలిపర్ మీద బైబ్రె అని ఉంటుంది. అంటే 'బై బ్రెంబో'. చిన్న, మధ్యస్థాయి బండ్ల కోసం బ్రెంబో వాళ్లే పెట్టిన బ్రాండ్ అది.

ఇక డబుల్ పవర్ లెక్క. రెండు పిస్టన్ల కాలిపర్‌లో పిస్టన్లు ఒక పక్కే ఉంటాయి. అవి నెట్టగానే కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి, అవతలి ప్యాడ్‌ను కూడా అంతే బలంతో డిస్కుకు అదుముతుంది. నాలుగు పిస్టన్లదాంట్లో పక్కకు రెండు, ఎదురెదురుగా. అందుకని ఒక పక్కనున్న పిస్టన్ల వైశాల్యాన్నే పోల్చాలి. 32 మి.మీ. పిస్టన్లు రెండుంటే సుమారు 1608 చదరపు మిల్లీమీటర్లు. బ్రెంబోలో బాగా వాడుకలో ఉన్న 30, 34 మి.మీ. జతకు సుమారు 1615. తేడా అర శాతం కూడా లేదు! పైగా టైరు పట్టును మించి ఏ బ్రేకూ బండిని ఆపలేదు. గట్టిగా పట్టినప్పుడు ఉన్న కాలిపర్‌తోనే ఏబీఎస్ పని మొదలుపెడుతోందంటే, ఆగే దూరం కొత్తదానితో పెద్దగా తగ్గదు.

మరి ఎందుకు మారుస్తారు? స్పర్శ కోసం. ఎదురెదురు పిస్టన్ల కాలిపర్ జరగదు, వంగడం తక్కువ. వేలితో ఎంత నొక్కితే చక్రం దగ్గర అంతే తెలుస్తుంది. వెనక మనిషి ఉన్నప్పుడు కుదుపు లేకుండా ఆపడానికి అది నిజంగా పనికొస్తుంది.

అయినా ముందు పాతది విప్పుదామన్నాను. చలికాలంలో ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పుకు జరిగే పిన్నులు బిగుసుకున్నాయి. ప్యాడ్లు గాజులా మెరుస్తున్నాయి. బ్రేక్ ఆయిల్ కాఫీ రంగు. అది గాలిలో తేమను పీలుస్తుంది, అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టి, కొత్త ప్యాడ్లు, కొత్త డాట్ 4 ఆయిల్ వేశాం. వాడు ఓ రౌండు వేసి వచ్చి, "అన్నా, ఇది నా బండేనా?" అన్నాడు. అయినా మోజు తీరలేదు. సరే, బ్రేకు బాగున్న బండికి హంగు చేయడంలో నాకు అభ్యంతరం లేదు.

కొనేటప్పుడు వాడికి రెండే షరతులు పెట్టాను. ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికే బంగారు రంగు నకళ్లు వద్దు. బ్రాకెట్ ఆ బండి కోసమే చేసింది కావాలి, మనం రేకు కోసి చేసుకునేది కాదు. ఎదురెదురు పిస్టన్ల కాలిపర్ చక్రం వైపు ఎక్కువ లావుంటుంది, చువ్వలకు తగలొచ్చు. పిల్లలు ఆడుకునే మట్టిముద్ద కొంచెం కాలిపర్‌కు అంటించి చక్రాన్ని చేత్తో తిప్పాం. మట్టి మీద గీత పడలేదు. ఆ తర్వాతే ఆయిల్ గొట్టం విప్పాం.

గొట్టం బోల్టుకు అటూ ఇటూ ఉండే రాగి వాషర్లు కొత్తవి వేయాలి, పాతవి మళ్లీ వాడితే కారతాయి. బోల్టులన్నీ టార్క్ రెంచితో, కంపెనీ ఇచ్చిన అంకెకే బిగించాలి. గాలి తీయడం ఓపికతో చేసే పని, మాకు గంట పట్టింది. పెయింటు మీద ఆయిల్ చుక్క పడితే పొంగుతుంది, ట్యాంకు మీద పాత దుప్పటి కప్పుకోండి. ఈ పని ఒక్కసారైనా చేసినవాళ్లు పక్కన లేకపోతే గ్యారేజీకి ఇవ్వండి, అందులో నామోషీ ఏమీ లేదు.

కొత్త ప్యాడ్లు డిస్కుకు ఒదిగేదాకా పూర్తి పట్టు రాదు. అందుకని మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ఒంటరిగానే తిరగమన్నాను. ఇన్సూరెన్సువాళ్లకు కూడా ఫోన్ చేయించాను. ఇక్కడ బండికి ఏ మార్పు చేసినా వాళ్లకు చెప్పాలి, చెప్పకపోతే రేపు క్లెయిము దగ్గర పేచీ పెడతారు. ప్రీమియం కొంచెం పెరిగింది. ఆ పెరిగింది ఎంతో మరదలికి చెప్పొద్దని వాడు నన్ను బతిమాలుతున్నాడు.