మైదానంలో ఆడపిల్ల వాటా

అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పొలం ఎవరికి, ఇల్లు ఎవరికి అని పెద్దలు లెక్కలు వేస్తారు. ఆ ఇంటి ఆడవాళ్ళు నీళ్ళకు ఎంత దూరం నడవాలో ఎవరూ అడగరు. కాలేజీ ఆటల్లోనూ ఇదే వరస.

అమెరికాలో కాలేజీలు కొన్ని కలిసి ఒక కూటమిగా ఏర్పడి తమలో తాము పోటీలు ఆడుకుంటాయి. టీవీ ప్రసార హక్కులు కూటమి పేరున అమ్మి, వచ్చిన డబ్బు పంచుకుంటాయి. పసిఫిక్ తీరాన 1915 నాటి మూలాలున్న కూటమి 'పాక్-12'. టీవీ డబ్బు ఎక్కువొచ్చే చోటు వెతుక్కుంటూ 2024లో అందులోని పన్నెండింట పది వెళ్ళిపోయాయి. లాస్ ఏంజలిస్ కాలేజీలు రెండూ 'బిగ్ టెన్' కూటమిలో చేరాయి. ఆ డబ్బు ముఖ్యంగా మగపిల్లల ఫుట్‌బాల్‌ది. కానీ వాలీబాల్ ఆడే అమ్మాయి కూడా పోటీకి దాదాపు 4,000 కిలోమీటర్ల దూరంలోని న్యూజెర్సీ దాకా పోవాల్సి వస్తోంది. మరి ఆ పిల్ల చదువు, నిద్ర ఎవరి లెక్కలో ఉన్నట్టు?

ఇక మన సంగతి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల డిగ్రీ కాలేజీలు ఒకప్పుడు వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి వచ్చాయి. కరీంనగర్ సిరిసిల్లకు సుమారు 40 కిలోమీటర్లు, జగిత్యాలకు 50. కోరుట్ల ఇంకో పాతిక పైన. వరంగల్‌కయితే కరీంనగర్ నుంచి మరో 70 పోవాలి. పటంలో ఇది చిన్న తేడాయే. "పొద్దుగూకకముందే ఇంటికొస్తవా బిడ్డా?" అని అడిగే తల్లికి మాత్రం చాలా పెద్దది. "వస్తనమ్మా" అనగలిగిన పిల్లే కబడ్డీ జట్టులో నిలుస్తుంది. కాలేజీల మధ్య పోటీల్లో రాణిస్తేనే విశ్వవిద్యాలయ జట్టులో చోటు, ఆ తర్వాతే దక్షిణ మండల పోటీలు. మొదటి మెట్టే దూరమైతే పైమెట్ల మాటేమిటి?

అక్కడ టీవీ వల్ల బాధ, ఇక్కడ టీవీ లేక బాధ. మన కాలేజీ అమ్మాయిల ఖోఖో ఫైనల్ టీవీలో రాగా నేనెన్నడూ చూడలేదు. ఆడవాళ్ళ ఆట ఎవరు చూస్తారని పెదవి విరిచేవాళ్ళకు ఒక లెక్క చెబుతాను. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఒక్క బంతీ పడకముందే, అయిదేళ్ళ ప్రసార హక్కులు 951 కోట్లకు అమ్ముడుపోయాయి!

జాతీయ ప్రాధాన్యమున్న మ్యాచ్‌లను ప్రైవేటు ఛానళ్ళు దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007లోనే చట్టం వచ్చింది. పెద్ద ఆటలు ఇంటింటికీ చేరాలన్నదే కదా దాని ఉద్దేశం? అలాగే మన అమ్మాయిల ఫైనల్స్‌కు దూరదర్శన్ యాదగిరిలో ఏడాదికి ఒక్క వారం చోటిస్తే తప్పేముంది? దానివల్ల నాలుగు రూపాయలు వస్తే ముందు అమ్మాయిల బస్సుకు, వెంట వెళ్ళే టీచరమ్మకు, బట్టలు మార్చుకునే గదికి ఖర్చుపెట్టాలి. మిగిలింది తర్వాత పంచుకోవచ్చు.

రేపు ఈ హద్దులు మళ్ళీ మారినా మారవచ్చు. ఆ గీత గీసేవాళ్ళను మనం అడగాల్సింది ఒక్కటే: మా పిల్ల చీకటి పడకముందే ఇంటికి చేరుతుందా?