బొమ్మ అస్తలేదన్నా!

పెండ్లి డీవీడీ ఫోన్లో ఆడదు. ఒగ్గు కథ సీడీలోని ఫైలును కొత్త టీవీ గుర్తుపట్టదు. ఎట్లో మార్పించుకొస్తే బొమ్మ వచ్చినచోట మాట రాదు, మాట వచ్చినచోట మనుషులు సాగిపోతారు. సిద్దిపేట మొబైల్ దుకాణాల గల్లాపెట్టె ముందు వినబడే ఈ ఫిర్యాదుల వెనుక ఉన్నవి నాలుగైదు కారణాలే. అవి తెలిస్తే మరమ్మతు తేలిక. తెలియకుండా మారిస్తే పోయింది తిరిగిరాదు.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చి డేటా చవకయ్యేదాకా పల్లెల్లో వినోదమంతా మెమరీ కార్డులోనే ఉండేది. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఆ ముక్కను దుకాణదారు చేతిలో పెట్టి "పాటలు ఎక్కియ్యన్నా" అంటే చాలు. పాటలతో పేచీ లేదు, ఎంపీ3 ఏ ఫోన్లోనైనా మోగేది. చిక్కంతా బొమ్మతోనే. నాలుగు స్పీకర్ల చైనా ఫోను పాటను వాడకట్టంతా వినిపించేది గానీ, సినిమా దగ్గరికి వచ్చేసరికి మొండికేసేది. 'ఎంపీ4 ప్లేయర్' పేరుతో అమ్మిన చిన్న తెరల పెట్టెలది ఇంకో తమాషా. వాటిలో చాలావాటికి ఎంపీ4 ఫైలే పడదు. ఏఎంవీ అనే సొంత రూపంలోకి మారిస్తేనే ఆడేవి, అదీ సెకనుకు 12 లేదా 16 బొమ్మలతో. అట్లా మార్చడమే దుకాణదారు పనితనమైంది. హక్కులు లేని సినిమాలు ఎక్కించి అమ్మడం 1957 కాపీరైట్ చట్టం కింద నేరం. డేటా చవకయ్యాక ఆ బేరం దానంతటదే పలచబడింది.

మార్చే పని మాత్రం ఆగలేదు. ఇప్పుడు జనం పట్టుకొస్తున్నది కొత్త సినిమా కాదు, పాత బతుకు. తండ్రి లేని ఇంట్లో ఆయన నవ్వు మిగిలిన పెండ్లి క్యాసెట్, గీతలు పడ్డ సీడీ, పాడైన ఫోన్లోంచి తీసిన కార్డు. వాటిని ఫోన్లో, కారు స్టీరియోలో, పెన్‌డ్రైవ్ పెట్టే టీవీలో చూసుకోవాలన్నది కోరిక.

కథల గడ్డమీద సీడీల కాలం

ఈ చిక్కు ఏ ఊరికైనా ఉన్నదే. సిద్దిపేటకు కాస్త బరువెక్కువ. 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ జిల్లాలోనే కొమురవెల్లి ఉంది, చేర్యాల ఉంది. కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం మల్లన్న జాతర. చేర్యాలలో కులపురాణాలను పటాల మీద గీసే నకాశీ కళాకారులు. ఊరూరా మల్లన్న, బీరప్ప కథలు చెప్పే ఒగ్గు బృందాలు. మిద్దె రాములు, చుక్క సత్తయ్య వంటి వారు పేరు తెచ్చిన ఈ కళ రాతలో కంటే గొంతులో, డోలు దెబ్బలో ఎక్కువగా ఉంది. దాన్ని పట్టుకున్న మొదటి చవక సాధనాల్లో ఆడియో క్యాసెట్ తర్వాతి చోటు వీడియో సీడీదే.

తెలంగాణ ఉద్యమ కాలం మరో పొర వేసింది. 2009 నవంబరు 29న సిద్దిపేట రంగధాంపల్లిలో దీక్షకు కరీంనగర్ నుంచి బయల్దేరిన ఉద్యమ నేత కేసీఆర్‌ను అలుగునూరు దగ్గర అరెస్టు చేశారు. ఆ తర్వాతి రోజుల్లో, 2011 సకల జనుల సమ్మెలో, రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2 సంబురాల్లో మనుషుల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా చిన్న కెమెరా ఫోన్లే. ఊరేగింపులు, ధూంధాం ఆటపాటలు 3జీపీ క్లిప్పులై బ్లూటూత్ మీద చేతులు మారాయి.

అంటే ఈ ప్రాంతపు ముప్పై ఏళ్ల జ్ఞాపకం వీడియో సీడీ, డీవీడీ, మినీడీవీ టేపు, 3జీపీ రూపాల్లో చెల్లాచెదురుగా ఉంది. వాటిలో చాలావరకు నేటి పరికరానికి నేరుగా ఎక్కవు. కాబట్టి వాటి బతుకు దుకాణంలో నొక్కే 'కన్వర్ట్' బటన్ మీద ఆధారపడింది.

గిన్నె వేరు, కూర వేరు

వీడియో ఫైలును సద్దిగిన్నె అనుకుందాం. ఎంపీ4, ఏవీఐ, ఎంకేవీ, 3జీపీ అన్నవి గిన్నె పేర్లు. లోపల ఒక అరలో బొమ్మ, ఇంకో అరలో శబ్దం. ఆ రెండింటినీ కుదించి రాసే పద్ధతులే కోడెక్‌లు. ఒకే ఎంపీ4 గిన్నెలో పాత ఎంపెగ్-4 బొమ్మ ఉండొచ్చు, 2003లో వచ్చిన హెచ్.264 ఉండొచ్చు, 2013 నాటి హెచ్‌ఈవీసీ ఉండొచ్చు. ప్లేయర్‌కు గిన్నె తెరవడం రావాలి, బొమ్మ కోడెక్ తెలియాలి, శబ్దం కోడెక్ తెలియాలి. మూడింట్లో ఏది తప్పినా 'ఫార్మాట్ నాట్ సపోర్టెడ్' అనే ఒక్క మాటే తెర మీద పడుతుంది.

అందుకే ఫైలు చివర ఏవీఐ తీసేసి ఎంపీ4 అని రాసుకుంటే ప్రయోజనం ఉండదు. పేరు మారినంత మాత్రాన లోపలిది మారదు. వీడియో సీడీలోని డాట్ (.dat) ఫైలుకు ఎంపీజీ అని పేరు పెడితే చాలాసార్లు ఆడుతుంది నిజమే. లోపల ఉన్నది మొదటినుంచీ ఎంపెగ్-1 కాబట్టి ఆడుతుంది, పేరు మహిమ వల్ల కాదు.

మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే గిన్నె ఏది, బొమ్మ ఏ కోడెక్, శబ్దం ఏ కోడెక్, సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్నీ కనిపిస్తాయి. మార్చే ముందు ఈ ఒక్క పని చేస్తే సగం తిప్పలు తప్పుతాయి. ఇక ఒక్కో ఫిర్యాదు చూద్దాం.

"మాట వస్తాంది, బొమ్మ అస్తలేదు"

శబ్దం కోడెక్ తెలుసు, బొమ్మ కోడెక్ తెలియదు అని పరికరం చెబుతున్నట్టు. కొత్త ఫోన్లో తీసిన వీడియో పాత టీవీలో నల్లగా కనిపిస్తే హెచ్‌ఈవీసీని అనుమానించాలి. ఐఫోన్లు 2017 నుంచి ఆ రూపంలో తీస్తున్నాయి. హెచ్.264 అయినా ఒక్కోసారి మొరాయిస్తుంది, ఎందుకంటే దానిలో ప్రొఫైళ్లు అనే మెట్లున్నాయి. కింది మెట్టయిన బేస్‌లైన్‌ను చిన్న ప్రాసెసర్లు కూడా విప్పగలవు, హై ప్రొఫైల్‌కు ఎక్కువ బలం కావాలి. 2005లో వచ్చిన వీడియో ఐపాడ్ కూడా మొదట్లో బేస్‌లైన్ హెచ్.264ను, అదీ 320×240 కొలతలోనే ఒప్పుకుంది. పాత పరికరానికి బేస్‌లైన్ లేదా మెయిన్ ప్రొఫైల్, చిన్న కొలత ఇవ్వడమే మందు.

"బొమ్మ మంచిగుంది, మాట ఇనవడ్తలేదు"

పెండ్లి డీవీడీల దగ్గర ఇది మామూలు. డీవీడీల్లో శబ్దం తరచూ ఏసీ3 అనే డాల్బీ పద్ధతిలో ఉంటుంది. దానికి లైసెన్సు కావాల్సి ఉండేది కాబట్టి చవక ప్లేయర్లు, చాలా ఫోన్లు దాన్ని వదిలేస్తూ వచ్చాయి. ఎంకేవీ సినిమాల్లో డీటీఎస్‌తోనూ ఇదే గొడవ.

ఇక్కడే దుకాణాల్లో పెద్ద పొరపాటు జరుగుతుంది. మాట కోసం ఫైలంతా మళ్లీ మారుస్తారు. గంట పని, పైగా బాగున్న బొమ్మ మసకబారుతుంది. బొమ్మను ఉన్నదున్నట్టు నకలు తీసి, శబ్దాన్ని మాత్రం ఏఏసీ స్టీరియోలోకి మారిస్తే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. 2000లో ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఈ పని ఉచితంగా చేసిపెడుతుంది. రెండు అరలూ సరిగానే ఉండి గిన్నె ఒక్కటే నచ్చకపోతే గిన్నె మార్చినా చాలు, అప్పుడు నాణ్యత వీసమెత్తు పోదు.

"మూతి ముందట, మాట ఎనక"

తేడా మొదట ఎంతుందో చివర ఎంతుందో చూడాలి. రెండుచోట్లా ఒకే తేడా ఉంటే శబ్దాన్ని అంతమేర ముందుకో వెనక్కో జరిపితే సరి. పోనుపోను పెరుగుతుంటే ఫ్రేముల లెక్క తప్పిందన్నమాట. మన డీవీడీలు, సీడీలు సెకనుకు 25 ఫ్రేములవి. సినిమా ఫైళ్లు చాలావరకు 24కు కాస్త తక్కువ. ఒకదాని శబ్దం ఇంకోదాని బొమ్మకు తగిలిస్తే తేడా నూటికి నాలుగు పాళ్లు, గంటయ్యేసరికి రెండు నిమిషాలు దాటుతుంది.

ఫోన్లో తీసిన వీడియోలది వేరే కథ. వెలుతురు తగ్గితే ఫోను ఫ్రేముల సంఖ్య తగ్గిస్తుంది. మారే ఈ వేగం పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు అర్థం కాక మాట జారిపోతుంది. మార్చేటప్పుడు స్థిరమైన ఫ్రేమ్ రేటు ఎంచుకోవాలి.

"మనుషులు సాగిండ్రు"

డీవీడీలో బొమ్మ 720×576 చుక్కలుగా దాచి ఉంటుంది, కానీ ఆ చుక్కలు చతురస్రాలు కావు. 4:3గా చూపాలా 16:9గా చూపాలా అన్నది పక్కన ఒక గుర్తుగా రాసి ఉంటుంది. మార్చే సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును పట్టించుకోకపోతే పెండ్లికొడుకు మొహం సన్నబడుతుంది లేదా వెడల్పవుతుంది. 4:3 అయితే 768×576, 16:9 అయితే 1024×576 కొలతకు తేవాలి.

కదిలే చేతుల అంచులు అడ్డగీతలుగా చీలుతుంటే అది ఇంటర్లేస్ లక్షణం. పాత కెమెరాలు సెకనుకు 50 సగం బొమ్మలు తీసేవి, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఇంకోసారి. డీఇంటర్లేస్ అనే ఎంపిక పెట్టకపోతే అపగింతల వీడియో మొత్తం ఆ చీలికలతోనే మిగిలిపోతుంది.

"నడిమిట్ల ఆగుతాంది"

ముందు కార్డును అనుమానించండి, తర్వాత ఫైలును. నకిలీ కార్డులు ఉన్నదానికంటే ఎక్కువ నిల్వ చూపించి, నిండాక రాసినదాన్ని పాడుచేస్తాయి. కార్డు మంచిదే అయితే బిట్‌రేటు, అంటే సెకనుకు చదవాల్సిన డేటా, పరికరం తాహతుకు మించిందేమో చూడాలి. ఫైలు అసలు కాపీయే కాకుండా మధ్యలో ఆగితే ఫ్యాట్32 హద్దు గుర్తుకు రావాలి. ఆ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు.

మార్చినా దక్కనిది ఒకటుంది. ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచికను ఫోను సాధారణంగా రికార్డింగ్ ముగిశాక రాస్తుంది. మధ్యలో బ్యాటరీ చచ్చిపోతే సూచిక ఉండదు, ఫైలు తెరుచుకోదు. ఏ కన్వర్టరూ దాన్ని ముట్టలేదు. అదే ఫోన్లో తీసిన మంచి ఫైలును నమూనాగా ఇచ్చి అన్‌ట్రంక్ వంటి సాధనంతో సూచికను తిరిగి కట్టించవచ్చు. కాబట్టి తెరుచుకోని ఫైలును తొందరపడి తుడిచేయకండి.

బండారి ఎగిరితే బొమ్మ చెదిరె

ఆడించడం ఒక్కటే లక్ష్యమైతే ఏది పోతుందో ఇప్పుడు చూద్దాం. పాత ఫోన్ల 3జీపీలో బొమ్మ తరచూ 176×144, అంటే 25,344 చుక్కలు. వీడియో సీడీది 352×288, సరిగ్గా నాలుగింతలు. అంటే ఫోను కోసం ఆ కొలతకు మార్చిన ప్రతి సీడీలోనూ నాలుగింట మూడొంతులు మొదటి అడుగులోనే పోయాయి. చేర్యాల పటం మీది సన్నని గీత ఆ కొలతలో నిలవదు.

శబ్దానికి ఇంకా అన్యాయం జరిగింది. 3జీపీలో వాడే ఏఎంఆర్ ఫోను మాటల కోసం పుట్టింది. సెకనుకు 8,000 నమూనాలే తీసుకుంటుంది కాబట్టి 4,000 హెర్ట్జ్‌లకు పైన ఏ ధ్వనీ అందులో ఉండదు. కథకుని మాట అర్థమవుతుంది, తాళాల గలగల పోతుంది. మాటా తాళమూ ఒకదాన్నొకటి మోసే ఒగ్గు కథకు అది సగం చావు.

కదలికది మరో లెక్క. కోడెక్‌లు ఒక ఫ్రేములో ఉన్నది తర్వాతి ఫ్రేములో ఎటు జరిగిందో ఊహించి, తేడా మాత్రమే రాసుకుంటాయి. కూర్చున్న మనిషి మాట్లాడుతుంటే ఆ ఊహ ఫలిస్తుంది. కొమురవెల్లిలో శివసత్తులు పూనకంతో ఊగుతూ పసుపు బండారిని గాలిలోకి ఎగరేస్తే వేల రేణువులు వేల దిక్కులకు పోతాయి, ఊహ తప్పుతుంది. ఇచ్చిన బిట్లు చాలక తెర గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. జాతర వీడియోకు పెండ్లి ముచ్చట్ల వీడియో కంటే ఎక్కువ బిట్‌రేటు కావాలనడానికి ఇదే కారణం.

పరిమాణం లెక్క నోటితో కట్టొచ్చు. సెకనుకు ఎన్ని కిలోబిట్లో దాన్ని సెకన్లతో హెచ్చవేసి 8తో భాగిస్తే కిలోబైట్లు. వీడియో సీడీలో బొమ్మకు 1,150, శబ్దానికి 224 కలిపి 1,374 కిలోబిట్లు. గంటకు దాదాపు 618 ఎంబీ. నేటి కార్డులకు అదొక బరువే కాదు. కుదించాల్సిన అవసరమే తీరిపోయింది, అలవాటు మిగిలింది.

మార్చే ముందు

సీడీ నుంచి పని మొదలుపెడితే ముందు డిస్కును ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. వీడియో సీడీ ఎక్కువ నిడివి పట్టించుకోవడానికి డేటా సీడీలకుండే అదనపు దోష సవరణను వదులుకుంది, అందుకే చిన్న గీతకే తడబడుతుంది. చదవగలిగినప్పుడే చదివి పెట్టుకోవాలి.

అన్ని పరికరాల్లోనూ ఆడే కాపీ కావాలంటే గిన్నె ఎంపీ4, బొమ్మ హెచ్.264, శబ్దం ఏఏసీ. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాత డీవీడీలకు నాణ్యత అంకె 18 నుంచి 22 మధ్య ఉంచాలి, అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. సీడీ బొమ్మను ఫుల్ హెచ్‌డీకి పెంచడం వృథా, లేని వివరం పుట్టుకురాదు. మొత్తం మార్చే ముందు బండారి ఎగిరే ఒక నిమిషాన్ని కత్తిరించి, మార్చి, చూడాల్సిన పరికరంలోనే ఆడించి చూసుకోవాలి. కారు స్టీరియో తెలుగు పేరు చూపలేకపోతే ఆ కాపీకి అంకెల పేరు పెడితే చాలు. వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే అది మళ్లీ కుదించదు.

అన్నిటికంటే ముఖ్యమైంది, మార్చిన ఫైలు చూసుకోవడానికి, అసలు ఫైలు దాచుకోవడానికి. ఫోన్లు మారినప్పుడల్లా చూసుకునే కాపీని మళ్లీ చేసుకోవచ్చు, అయితే ప్రతిసారీ అసలు నుంచే. కాపీకి కాపీ తీస్తూ పోతే ప్రతి మెట్టులోనూ కొంత రాలుతుంది. అసలును రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో, వీలైతే రెండు ఇళ్లలో ఉంచాలి. ఫైలు పేరులో ఊరు, సంవత్సరం, కథ, కథకుని పేరు రాయాలి. ఆ వివరాలు తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. కోడెక్ తెలియని ఫైలును రేపటి సాఫ్ట్‌వేర్ అయినా విప్పుతుంది, కథ చెబుతున్నది ఎవరో మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.