గేరుబాక్సు మార్చిన ట్రాక్టరుకు పొగగొట్టము అమర్చుట



ట్రాక్టరు గేరుబాక్సు పాడైనప్పుడు, కొత్తది కొనుటకు ఖర్చు ఎక్కువని, మరొక పాత బండి నుండి తీసిన దానిని బిగించుకొనుట కలదు. పని అంతయు ముగిసి, చివరకు పొగగొట్టము పెట్టబోవు సరికి చిక్కు వచ్చును. రంధ్రమునకు రంధ్రము ఎదురు రాదు. గొట్టము క్లచ్చి కడ్డీకి తగులును. అప్పుడు మేస్త్రీ గడ్డపారతో గొట్టమును ఒత్తిపట్టి, బోల్టు దూర్చి, పానాతో లాగి బిగించును. ఆ పూటకు పని అయినట్లే కనబడును. సస్యశాస్త్రము చెప్పువానికి ఈ గొట్టముల ఊసు ఎందుకని మీరనుకొనవచ్చును. అదనులో దుక్కి సాగనిచో నేను చెప్పు విత్తనమువల్ల ఏమి ప్రయోజనము?

ఈ చిక్కు అన్ని ట్రాక్టర్లకు రాదు. బానెట్టుపై నిలువుగా లేచు సైలెన్సరుకు గేరుబాక్సుతో సంబంధము లేదు. మామిడి, బత్తాయి తోటలలో కొమ్మలకు తగులకుండ గొట్టమును క్రిందికి వంచి, క్లచ్చి హౌసింగు ప్రక్కగా వెనుకకు తీసిన బండ్లకే వచ్చును. వేరొక నమూనా గేరుబాక్సు వేసినచో హౌసింగు వెడల్పు, క్లచ్చి కడ్డీ ఉండు చోటు, గొట్టమును మోయు క్లాంపు చోటు మారవచ్చును. ఇంజను పాతదే గనుక గొట్టము మొదలు ఉన్నచోటనే ఉండును. సర్దవలసినది కొసనే.

లాగి బిగించినచో ఏమగును? ఇంజను హెడ్డుకు బిగించు మానిఫోల్డు సామాన్యముగా పోత ఇనుముది. పోత ఇనుము వంగదు, పగులును. అది వేడికి సాగును, చల్లారినపుడు ముడుచుకొనును. లాగి కట్టిన గొట్టము ఆ కదలికకు చోటివ్వదు. స్టడ్డు తెగును, లేక గ్యాస్కెట్టు కాలి వేడి పొగ ప్రక్కకు చిమ్మును. అక్కడనే డీజిలు రబ్బరు గొట్టము, దీపముల తీగలు ఉండిన ఏమగునో ఊహించుడు. కళ్ళములో గడ్డివామి ప్రక్కన నడచు బండి అది!

ముందుగా గేరుబాక్సు బోల్టులన్నియు పూర్తిగా బిగించవలెను. మానిఫోల్డు ముఖముపై ఉక్కు స్కేలు నిలిపి చూడుడు. ఎక్కడనైన కాగితము సులభముగా దూరినచో లేతు షాపులో ముఖము చదును చేయించవలెను. తరువాత మానిఫోల్డు నట్లను నడుమ నుండి ఇరుప్రక్కలకు బిగించవలెను. గొట్టమును ఫ్లాంజి వద్ద చేతితో మాత్రమే తిప్పి వదలుడు. అది తన బరువుకు ఎటు నిలుచునో చూచిన, ఎక్కడ కోయవలెనో తెలియును. క్లచ్చి పెడలును పూర్తిగా తొక్కించి, కడ్డీ కదలు దారి అంతయు చూడవలెను. గొట్టమునకు దానికి అంగుళమైన ఎడముండవలెను. రబ్బరు గొట్టమునకు, తీగలకు ఇంకను ఎక్కువ ఎడముంచి, నడుమ రేకు అడ్డము పెట్టుట మేలు.

తగిలిన చోట గొట్టమును సుత్తితో నొక్కుట కొందరి అలవాటు. అది నాకు ఎంతమాత్రము నచ్చదు. దారి ఇరుకైన పొగ వెనుకకు ఒత్తును, ఇంజను బలము తగ్గును, నల్లపొగ వచ్చును. దాని బదులు ఆ ముక్కను కోసి వంపు ముక్క వేయించుడు. బ్యాటరీ తీగ ఊడదీసి, బండి మీద రెండు మూడు టాకాలు మాత్రము వేయించి, గొట్టమును దింపి దూరముగా పూర్తి వెల్డింగు చేయించవలెను. ఫ్లాంజిని మందపు పలకకు బిగించి వెల్డింగు చేసినచో అది వంకరపోదు. ఇంటిలో మిగిలిన జి.ఐ. నీటి పైపు ముక్క ఇందుకు పనికిరాదు. దానిపై జింకు పూత మండి వచ్చు పొగ వెల్డింగు చేయువానికి జ్వరము తెచ్చును.

క్లాంపును అన్నిటికంటె చివర బిగించవలెను. పాత క్లాంపు అందనిచో కొత్త పట్టీ చేయించుడు గాని, గొట్టమును దాని వద్దకు లాగకుడు. టర్బో ఉన్న బండిలో గొట్టము బరువు టర్బోపై వ్రేలాడకూడదు. మానిఫోల్డు దాటిన పిమ్మట మడతల గొట్టము ఒకటి వేసిన అదురు చాలవరకు అక్కడనే ఆగును.

ఇంజను నడిపినపుడు టపటప చప్పుడు వచ్చినను, అతుకు వద్ద మసి చార కనబడినను పొగ కారుచున్నదని గ్రహించవలెను. చేయి పెట్టి చూడరాదు. మొదటి దినము పని ముగిసి, బండి పూర్తిగా చల్లారిన తరువాత నట్లన్నియు మరొకమారు పానా పెట్టి చూచుకొనవలెను.