ఉపాధ్యాయుని మొదటి సంవత్సరము - గ్రామము చేయదగిన సహాయము

ఊరి బడికి క్రొత్త ఉపాధ్యాయుడు వచ్చినాడనగానే పంచాయతీ సభ్యులలో పెక్కుమంది అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్నాళ్ళుండును?" ఈ ప్రశ్న వెనుక అనుభవము కలదు. వచ్చినవారు వచ్చినట్లే బదిలీకై ఎదురుచూచుట, వారు వెళ్ళిన పిమ్మట అన్ని తరగతులును ఒక్కరి నెత్తిపై పడుట గ్రామములకు క్రొత్త గాదు. 2024లో తెలంగాణమున 11,062 ఉపాధ్యాయ పదవులకును, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పదవులకును ప్రకటనలు వెలువడి నియామకములు జరిగినవి. ఇట్లు ఎన్నికైన యువతీయువకులలో అనేకులు పల్లె బడులకే వచ్చినారు. వారు ఎట్లు తయారగుదురో, తొలి దినములలో వారికేమి కావలెనో సభ్యులు తెలిసికొనుట అవసరమని మేము భావించుచున్నాము.

వైద్యవిద్య చదివినవాడు పరీక్ష నెగ్గిన మరునాడే ఒంటరిగా రోగికి శస్త్రచికిత్స చేయడు. ఒక సంవత్సరము ఆసుపత్రిలో, అనుభవజ్ఞులైన వైద్యుల కనుసన్నలలో హౌస్ సర్జనుగా పనిచేయును. వడ్రంగి కుమారుడైనను తండ్రి ప్రక్కన ఎన్ని చెక్కలు పాడుచేసినగాని నాగలికి చేయి పెట్టడు. కాని బడి విషయమున మాత్రము, పట్టా చేతికి వచ్చిన యువకుని నలుబదిమంది పిల్లల ముందు నిలిపి తలుపు మూసివేయుట చాల దేశములలో పరిపాటి అయినది.

ఈ లోపమును దిద్దుటకు అమెరికా దేశమున చికాగో నగరమందు 2001లోను, బోస్టన్ నగరమందు 2003లోను 'టీచర్ రెసిడెన్సీ' అను పద్ధతి ఆరంభమైనది. ఈ మాట వైద్యుల శిక్షణనుండియే గ్రహింపబడినది. బోస్టన్ పద్ధతి ప్రకారము శిక్షణ పొందువాడు ఒక విద్యాసంవత్సరము పొడుగున వారమునకు నాలుగు దినములు ఒకే బడిలో, ఒకే అనుభవజ్ఞుని తరగతిలో ఉండును. మొదట చూచును, పిమ్మట కొంత భాగము బోధించును, క్రమముగా తరగతి బాధ్యత స్వీకరించును. తక్కిన సమయమున విద్యాశాస్త్రము చదువును. ఆ సంవత్సరము అతనికి భృతి లభించును. దానికి మారుగా తరువాత మూడేండ్లు ఆ నగరపు బడులలోనే పనిచేయుటకు మాట ఇచ్చును. ఉద్యోగములో చేరిన పిమ్మటను సలహాదారుడు అతని తరగతికి వచ్చుచుండును.

ఫలితమెట్లున్నది? 2012లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము, ఇట్లు తయారైనవారిలో నూటికి 75 మంది అయిదవ ఏటను ఆ నగరపు బడులలోనే ఉండిరి. ఇతర మార్గములలో వచ్చినవారిలో నిలిచినది 51 మంది మాత్రమే. అయితే ఆ పరిశోధనలోని మరియొక విషయమును మేము దాచదలచలేదు. గణిత బోధనలో ఈ క్రొత్తవారు మొదటి ఏట ఇతరులకంటె వెనుకబడియే ఉండిరి. నాలుగైదు ఏండ్లకు గాని అనుభవజ్ఞులను మించలేదు. అనగా ఇది మంత్రము గాదు. ఉపాధ్యాయుడు నిలిచియున్నప్పుడే శిక్షణ ఫలించును. రెండవ ఏటనే వెళ్ళిపోయినచో ఆ ఫలము ఆ ఊరికి దక్కదు.

మన దేశమున ఈ పేరుతో గాకపోయినను ఇటువంటి ఏర్పాటు కొంత కలదు. 1986 జాతీయ విద్యావిధానమును అనుసరించి స్థాపింపబడిన జిల్లా విద్యాశిక్షణ సంస్థలలో, అనగా 'డైట్' కళాశాలలలో, ప్రాథమిక పాఠశాలలకు ఉపాధ్యాయులు తయారగుదురు. 2014 నిబంధనల ప్రకారము రెండేండ్ల శిక్షణలో ఇరువది వారములు బడులలో గడపవలెను. అందు మొదటి ఏట నాలుగు వారములు, రెండవ ఏట పదునారు వారములు. ఈ ఛాత్రోపాధ్యాయులు మీ ఊరి బడికే రావచ్చును.

ఒక మండలమున మేము చూచిన సంగతి ఇచ్చట చెప్పవలసియున్నది. బడిలో ఒక ఉపాధ్యాయుడు సెలవుపై ఉండగా, వచ్చి పది దినములైనను కాని ఛాత్రోపాధ్యాయినికి మూడవ తరగతి పూర్తిగా అప్పగించినారు. ఆమె తీసివేతలు చెప్పుచుండెను. 52 నుండి 27 తీయుమనగా పిల్లలలో సగముమంది 35 అని వ్రాసిరి. ఆమె తప్పు గుర్తు పెట్టి, అదే లెక్క మరల బల్లపై చేసి చూపెను. మరల 35యే వచ్చెను. ఆమె కన్నులలో నీరు తిరుగుట మేము చూచితిమి. ప్రక్క గదిలోని సీనియరు ఉపాధ్యాయుడు మధ్యాహ్న విరామమున ఆ పలకలు చూచి వెంటనే కారణము కనిపెట్టెను. పిల్లలు 2లోనుండి 7 పోదని, 7లోనుండి 2 తీసివేయుచున్నారు. వారికి రాకపోయినది తీసివేత గాదు, పదుల స్థానము. ఆయన చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించి, అయిదు కట్టలును రెండు పుల్లలును ముందుంచి, ఏడు తీయుమనెను. పిల్లవాడు తనంత తానే ఒక కట్ట విప్పెను. ఈ సూక్ష్మము పుస్తకమున చదివియున్నను, తరగతిలో ఒకరు ప్రక్కన నిలిచి చూపినగాని చేతికి అందదు. బడిలో ఆమెను ఒంటరిగా విడిచినచో శిక్షణ అనుమాటకు అర్థమే లేదు. ఛాత్రోపాధ్యాయులను సెలవుపై ఉన్నవారి స్థానమున నింపుచున్నట్లు తెలిసినచో సభ్యులు ప్రధానోపాధ్యాయునితో మాటాడవచ్చును. ఇది జోక్యము గాదు. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలు ప్రాథమిక విద్యను పంచాయతీలకు అప్పగింపదగు విషయములలో చేర్చినది. 2009 విద్యాహక్కు చట్టము బడి యాజమాన్య సంఘమున స్థానిక సంస్థల ప్రతినిధులకు చోటు కల్పించినది.

ఉద్యోగములో చేరిన తరువాతి మొదటి సంవత్సరము ఇంకను కష్టమైనది. అప్పుడు కళాశాల అధ్యాపకుడు రాడు. పాఠశాల సముదాయ సమావేశములలో ఇతర బడులవారితో కలియు అవకాశమున్నను, అవి నిత్యము జరుగునవి గావు. సమీప గ్రామమున అనుభవముగల ఉపాధ్యాయుడొకరుండినచో, వారమునకొక పూట అచ్చటికి పోయి చూచి వచ్చుటకు అనుమతింపుమని మండల విద్యాధికారిని కోరుటకు పంచాయతీకి ఖర్చేమియు లేదు.

ఇంటి సంగతి మరి గడ్డు సమస్య. గ్రామములలో పనిచేయు ఉపాధ్యాయులకు బడి ఆవరణలోనో సమీపముననో వసతి కల్పింపవలెనని, లేదా ఇంటి భత్యము పెంచవలెనని 2020 జాతీయ విద్యావిధానము పేర్కొన్నది. భవనములు వచ్చువరకు ఊరిలో అద్దెకు గది దొరకవలెను గదా! కులమడిగి ఇల్లు నిరాకరించు అలవాటు కొన్నిచోట్ల ఇంకను పోలేదు. అట్లు నిరాకరింపబడిన యువతి ముప్పది కిలోమీటర్ల దూరమునుండి బస్సులో వచ్చుచున్నచో, ఆలస్యమునకు ఆమెను నిందించుటకు ముందు సభ్యులు ఆ కారణమును విచారింపవలెను. సభ్యుడొకడు స్వయముగా వెంటబోయి అడిగినచో ఇల్లు దొరకుట మేము ఎరుగుదుము.

గిరిజన గ్రామములలో మరియొక చిక్కు కలదు. కోయ, గోండి, కువి భాషలు మాటాడు పిల్లల ముందు తెలుగు మాత్రమే వచ్చిన క్రొత్త ఉపాధ్యాయుడు మొదటి నెలలు దాదాపు మూగవాడే. ఊరిలో చదువుకొన్న ఒక యువతినో యువకునో ఉదయము ఒక గంట బడిలో కూర్చుండబెట్టినచో అటు పిల్లలకును ఇటు ఆయనకును మేలగును.

పంచాయతీ చేయకూడని పనియు ఒకటి కలదు. క్రొత్తవాడు కంప్యూటరు బాగుగా తెలిసినవాడని పంచాయతీ లెక్కలు, దరఖాస్తులు అతనిచేత వ్రాయించుట చాలచోట్ల మర్యాదగానే జరుగుచున్నది. జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప విద్యేతరమైన పనులకు ఉపాధ్యాయులను నియోగింపరాదని 2009 చట్టపు 27వ సెక్షను నిషేధించుచున్నది. అడిగినవారు పెద్దలు గనుక అతడు కాదనలేడు. కనుక అడుగకుండుటయే మంచిది.

జూన్ 12వ తేదీన బడులు తెరచుటకు ముందు జరుగు పంచాయతీ సమావేశమున, క్రొత్తగా వచ్చువారెవరు, వారికి గది చూచినారా, నీరు, మరుగుదొడ్డి సరిగా ఉన్నవా అను మూడు విషయములను చర్చనీయాంశములలో చేర్చి, ఆ పని ఏ సభ్యునికి అప్పగించినదియు మినిట్సు పుస్తకమున వ్రాసికొనవలెను.