కూజామొక్కకు రోగనిదానము

ఈ నడుమ పట్టణపు నర్సరీలలో కూజామొక్క యనునొక వింత మొక్క యమ్మకమునకు వచ్చుచున్నది. దాని యాకుకొన తీగవలె సాగి, ఆ తీగ చివర మూతతో గూడిన చిన్న కూజాయై వ్రేలాడుచుండును. అంచున నూరు తియ్యని రసమునకై వచ్చిన చీమ కాలుజాఱి లోని నీట బడి మఱల పైకి రాజాలదు; అందే కరగి మొక్కకు ఆహారమగును. మన పిల్లల పాఠ్యపుస్తకములలో కీటకాహార మొక్కల ప్రకరణమున నెపంథిస్ అను పేర నున్నది యిదియే. హైదరాబాదునుండి దీనిని ముచ్చటపడి నారాయణపేటకు దెచ్చుకొన్న సోదరీమణులు కొందఱు కలరు. వచ్చిన నెల రెండునెలలకే కూజాలన్నియు నెండిపోవును, క్రొత్తవి పుట్టవు. “దినమును నీళ్లు పోసితినే, ఎరువు వేసితినే, ఇంకేమి లోపము?” అని వారడుగుదురు. లోపము ఆ నీళ్లలోను, ఆ ఎరువులోనే యున్నది.

దీని బాధ తెలియవలెనన్న ముందు దీని పుట్టినింటిని చూడవలెను. నెపంథిస్ జాతులు నూటికి పైగా గలవు. వానిలో బెక్కు ఆగ్నేయాసియా దీవులవి. మన దేశమున సహజముగా బెరుగునది నెపంథిస్ ఖాసియానా యొక్కటే, అదియు మేఘాలయ ప్రాంతపు కొండలలోనే. ఖాసీలు దీనిని టీవ్ రాకోట్ అందురు, రాకాసిపువ్వని యర్థము. ఆ రాకోట్ అను మాటలో నా చెవికి మన రాక్షసశబ్దమే వినబడుచున్నది. గారోలకిది మెమాంగ్ కోక్సీ, అనగా దయ్యపుబుట్ట. ఆ రాష్ట్రమందలి చిరపుంజిలో ఏటికి 11,000 మిల్లీమీటర్ల దరిదాపుగా వాన కురియును. మన ప్రాంతమున 600 చుట్టుపక్కల. వాన యెడతెగక కడిగివేయుటచే అట్టి నేలలో సారము నిలువదు. కావున వేరు సంపాదింపలేని నత్రజనిని ఆకు వేటాడి సంపాదించును. కూజాలోని ద్రవము పురుగులను జీర్ణము చేయుటను గూర్చి 1874లో బెల్‌ఫాస్టు సభలో జోసెఫ్ హుకర్ ఉపన్యసించెను; మరుసటియేట డార్విను కీటకాహార మొక్కలపై నొక పుస్తకమే ప్రకటించెను. నెపంథిస్ అను పేరు లిన్నేయస్ పెట్టినది. హోమరు కావ్యమున హెలెను ద్రాక్షారసమున గలిపి యిచ్చిన దుఃఖహరమగు మందు పేరది. శోకము లేనిదని యర్థము. మన అశోకమునకును అదియే యర్థము గదా! పేరట్లుండ, తెచ్చుకొన్నవారికి మాత్రము శోకమే మిగులుచున్నది.

ఇక నిదానము. కూజా యెండిన ప్రతిసారియు రోగమని భయపడరాదు. ఒక్కొక్క కూజా కొన్ని నెలలే జీవించును; మూతనుండి క్రిందికి గోధుమరంగు దిగి యెండుట దాని వార్ధక్యము. నర్సరీ తేమనుండి మన పొడిగాలికి వచ్చిన మొదటి వారములలో పాత కూజాలు రాలుటయు సహజమే. ఎండిన కూజాను మాత్రము కత్తిరించి, ఆకు పచ్చగానున్నంతవఱకు దానిని ఉంచవలెను. చూడవలసినది పాత యాకు గాదు, క్రొత్త యాకు. అది చక్కగా బెరిగి, తీగకొననున్న మొటిమవంటి లేతకూజా మాత్రము మాడిపోవుచున్నచో గాలిలో తేమయో, వెలుతురో చాలలేదు. కాండపు మొదలు నల్లబడి మెత్తనైనచో పళ్లెమున నీరు నిలిచి వేరు కుళ్లినది. క్రొత్త యాకులు ఒకదానికన్న నొకటి చిన్నవియై, అంచులు మాడి, మట్టిపైనను కుండీ యంచునను తెల్లని పొర గట్టినచో, లవణములు వేళ్లను దినుచున్నవి.

మన యూళ్లలో తఱచుగా జూచునది యీ కడపటిదే. ఏ నీరు పనికిరాదో తెలియుటకు మనకు శాస్త్రజ్ఞులు వచ్చి చెప్పనక్కఱలేదు. కందిపప్పు ఎంతసేపటికిని ఉడకని నీరు, సబ్బు నురుగు రాని నీరు, కాచిన గిన్నె యడుగున తెల్లని పెచ్చు గట్టు నీరు ఈ మొక్కకు విషము. కాచి చల్లార్చి పోసిన చాలునా యని యడుగుదురు, చాలదు. కొంత సున్నము పేరుకొన్నను తక్కిన లవణములందే నిలుచును. నీరు ఆవిరియైన కొలది చిక్కబడును గూడ. మావారు బడిపిల్లలకు జూపుటకు గొన్న కలమువంటి టీడీఎస్ మీటరుతో మా బోరునీటిని జూడగా అంకె వందలలో నుండెను. త్రాగునీటికి లీటరునకు 500 మిల్లీగ్రాములవఱకు మంచిదని భారతీయ ప్రమాణము. ఈ మొక్కకో, 50కి లోబడియున్న మేలు. ఆర్.ఓ. నీరు పోయవచ్చును గాని, కొన్ని యంత్రములు రుచికై లవణములను మఱల గలుపును. కొలిచి చూచి పోయవలెను. అన్నింటను మేలైనది వాననీరు. తొలివాన డాబాను కడిగిన తరువాత, రెండవవాన నీటిని ప్లాస్టిక్ డ్రమ్ములో బట్టి, దోమ చొరకుండ మూత బిగింపవలెను. సిమెంటు తొట్టిలో వలదు, సున్నమునంటించుకొనును.

మా వీధిలో నొకయమ్మ మొక్క ఆషాఢమున నాల్గాకులతో మిగిలియుండెను. తోటమట్టి, వానపాముల యెరువు, పైన నొక తెల్లని పొర! వేరు కుళ్లనిచో మొక్కను గదల్పక, వాననీటిని కుండీకి మూడు నాలుగింతలు పోసి అడుగునుండి కార్చిన లవణము కొట్టుకొనిపోవును. ఇచ్చట మట్టియే తగనిదగుటచే మార్పక తప్పలేదు. వేళ్లను వాననీట మెల్లగా గడిగి, కోకోపీట్ సగము, పెర్లైట్ సగము, నాలుగు బొగ్గుముక్కలు గలిపి ప్లాస్టిక్ కుండీలో నాటితిమి. కోకోపీట్‌లోను ఉప్పుండును, ముందు రెండు మూడుమార్లు నానబెట్టి పిండవలెను. పైన పారదర్శకమగు సంచిని గప్పి, గాలికి చిన్న సందు విడిచి, తూర్పు వరండాలో నెండ నేరుగా తగులని చోట నుంచితిమి. సంచితో నెండలో బెట్టినచో మొక్క ఉడికిపోవును. నెల తరువాత సంచిని దినమునకు గొంత చొప్పున దెఱచి, పిదప ఉదయపుటెండ కలవాటు చేసితిమి. మొదటి యాకు చిన్నదే. రెండవది కొంత పెద్దది. కార్తికమున మూడవ యాకు కొనను చిటికెనవ్రేలంత కూజా మూత దెఱచెను. ఎండిన కూజాలు మఱల బ్రతుకవు; వానిని జూచి నిరాశపడి మొక్కను పాఱవేయవలదు. చైత్రవైశాఖములలో 40 డిగ్రీలు దాటిన వడగాలి తగులకుండ లోపలి కిటికీకడ నుంచవలెను.

కొనునపుడు నర్సరీలో బెంచినదేనా యని యడుగుట మఱవరాదు. సాధారణముగా నమ్మబడు వెంట్రాటా యను సంకరజాతి కొంత యోర్పు గలది. ఖాసియానా చట్టము కాపాడు మొక్క; గారో కొండలలోని బాఘ్మారాకడ కూజామొక్కకై యొక అభయస్థానమే యున్నది. కొండనుండి పెఱికితెచ్చితిమని చెప్పువాని యొద్ద గొనరాదు.

ఇంకొక మాట. పిల్లలు ముచ్చటకు కూజాలో అన్నపు మెతుకులు, గ్రుడ్డు, పాలు వేయుదురు. కావలసిన చీమలను మొక్కయే పిలుచుకొనును. పాలు పోసిన కూజా రెండుమూడునాళ్లలో గంపు గొట్టి, తీగదాక కుళ్లును.