ఒంగోలు కొండ మీద ఒక విన్నపం

 

1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. గెత్సేమనేలో యేసు కూడా మొదట తన కోరికను దాచుకోకుండా చెప్పుకున్నాడు, ఆపైనే తండ్రి చిత్తానికి తలవంచాడు. అడగడం మనిషి వంతు, గడువు దేవుడిది. ప్రార్థనలో అన్నిటికంటే కష్టం ఆ ఎదురుచూపే.

పన్నెండేళ్ల తర్వాత, 1866లో, మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు.

1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో పేదలకు పని కల్పించాడు. తిండి కోసం మతంలోకి వస్తున్నారన్న అనుమానం రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. వాటిని మళ్లీ మొదలుపెట్టాక, 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.