అమ్మ అసలు వయసెంత? నాన్న బీపీ నిజంగా 120/80నేనా?

పెద్దవాళ్ల వైద్యం సగం పరీక్షల మీద, సగం ఇంట్లోవాళ్లు చెప్పే వివరాల మీద నడుస్తుంది. ఆ వివరాలు తప్పితే మందు మోతాదూ తప్పుతుంది.

మీ ఇంట్లో నాన్నగారికో అమ్మగారికో బీపీ రాసే నోట్‌బుక్ ఉంటే ఒకసారి తీసి చూడండి. మేముండే బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ పుస్తకం కనిపిస్తోంది. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. ఇక్కడ అమ్మానాన్న, వాళ్లకు తోడు ఏజెన్సీ పంపిన అటెండెంట్. ఉదయం బీపీ, పరగడుపున షుగర్, సాయంత్రం మళ్లీ బీపీ. రాత్రికి ఆ పేజీ ఫొటో ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్తుంది. అందరూ ఓ దండం బొమ్మ పెట్టేసి నిశ్చింతగా ఉంటారు.

ఆ పేజీలో అంకెలు ఎలా ముగుస్తున్నాయో చూడండి. 120/80, 130/80, 130/90, 120/80... అన్నీ సున్నాలేనా? గాలి కొట్టి స్టెతస్కోప్‌తో చూసే పాత బీపీ మిషన్ మీద రెండేసి పాయింట్లకు ఒక గీత ఉంటుంది. కాబట్టి రీడింగు 0, 2, 4, 6, 8లలో దేనితోనైనా ముగియొచ్చు. అంటే సుమారుగా అయిదింట ఒకటి సున్నా రావాలి. డిజిటల్ మిషన్ అయితే 137/83, 141/76 అంటూ ఏ అంకైనా చూపిస్తుంది. అక్కడ సున్నా వచ్చేది పదింట ఒకసారే. నెల రోజుల పేజీలో నెలంతా సున్నాలే ఉన్నాయంటే అక్కడ రాసింది కొలత కాదు, అంచనా. వారం రోజులదీ ఒకే కూర్చోలులో నింపిన పేజీ అయితే చేతిరాత చూడగానే మీకే తెలిసిపోతుంది.

దీనికి అటెండెంట్‌ను తిట్టి లాభం లేదు. ఆమెకు బీపీ ఎలా చూడాలో చాలాచోట్ల ఎవరూ సరిగ్గా నేర్పలేదు. పైగా 168 అని రాసిన రోజున ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. అమెరికా నుంచి అర్ధరాత్రి ఫోను, ‘ఉప్పెక్కువ వేశావా? మాత్ర ఇవ్వలేదా?’ అని నిలదీత. 130 రాస్తే ఏ గొడవా లేదు. నిజం రాసినందుకు మాట పడాల్సి వచ్చిన ఇంట్లో పుస్తకంలోకి నిజం రాదు.

ఆ సున్నాల వల్ల జరిగే నష్టం ఏమిటో చెబుతాను. పెద్దవాళ్లలో చాలామందికి కూర్చున్నప్పుడు బీపీ బాగానే ఉండి, లేచి నిలబడగానే పడిపోతుంది. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని జబ్బుగానే లెక్కవేస్తాం. రాత్రి బాత్‌రూమ్‌కి లేచి తూలి పడి, తుంటి ఎముక విరిగి వచ్చే కేసుల్లో కొన్నిటి వెనక ఇదే ఉంటుంది. బీపీ మాత్ర కాస్త తగ్గిస్తే సరిపోయేదేమో. కానీ పుస్తకంలో నిలబెట్టి చూసిన బీపీ ఒక్కటీ ఉండదు.

అందుకని రోజుకు రెండుసార్లు అబద్ధం రాయించే బదులు వారానికి రెండుసార్లు సరిగ్గా చూడమనండి. అంతకు ముందు అరగంటలో కాఫీ, టీ, చుట్ట, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి అయిదు నిమిషాలు కూర్చోవాలి. చొక్కా చెయ్యి మీద కాకుండా ఒంటి మీదే పట్టీ చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. తర్వాత పక్కన ఒక మనిషి ఉండగా నిలబెట్టి, ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడాలి. మిషన్ చూపించిన అంకెనే, అది ఎంత వికారంగా ఉన్నా, అలాగే రాయాలి. ఎక్కువ వచ్చిన రోజున రాసినవాళ్లను ఏమీ అనకండి.

ఆధార్ వయసు, అసలు వయసు

మా ఓపీలో చీటీ మీద 66 అని ఉంటుంది. ఎదురుగా కూర్చున్న మామ్మగారు ఎనభైకి దగ్గర్లో ఉన్నట్టు కనిపిస్తారు. చీటీ మీదికి ఆ అంకె ఆధార్ నుంచి వచ్చింది. ఆధార్‌లోకి, ఆ రోజు క్యూలో నిలబడ్డప్పుడు ఎవరో చెప్పిన మాట నుంచి వచ్చింది. ఆ తరంలో జనన ధ్రువపత్రం ఉన్నవాళ్లు తక్కువ. అందుకే పెద్దవాళ్ల కార్డుల్లో పుట్టిన తేదీ జనవరి 1 అనో, ఉత్త సంవత్సరం మాత్రమో కనిపిస్తుంటుంది. పింఛనుకు అరవై నిండాలి కనుక వయసు పెంచి చెప్పినవాళ్లున్నారు. ఉద్యోగం కోసమో, ఊరికే మొహమాటానికో తగ్గించి చెప్పినవాళ్లూ ఉన్నారు. మన జనాభా లెక్కల్లో 0తో, 5తో ముగిసే వయసులవాళ్లు పక్క వయసులకన్నా ఎప్పుడూ గుట్టలుగా కనిపిస్తారు. ఈ గుట్టను కొలవడానికి జనాభా శాస్త్రంలో విప్పుల్ సూచీ అని ఓ పద్ధతే ఉంది.

‘వయసు నాలుగేళ్లు అటూ ఇటూ అయితే ఏమైందండీ’ అంటారు. మందు దగ్గర అవుతుంది. కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో అంచనా వేయడానికి 1976 నుంచి వాడుతున్న కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క ఒకటి ఉంది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చించి, దాన్ని 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగిస్తారు. స్త్రీలకైతే వచ్చినదాన్ని 0.85తో హెచ్చిస్తారు. ఈ మామ్మగారి బరువు 48 కిలోలు, క్రియాటినిన్ 1.2 అనుకోండి. వయసు 66 వేస్తే 35 వస్తుంది. 78 వేస్తే 29. రక్తం, బరువు, మనిషి అన్నీ అవే. చాలా మందులకు 30 ఒక సరిహద్దు. ఉదాహరణకు, గడ్డలు కట్టకుండా ఇచ్చే ఎనాక్సపారిన్ ఇంజెక్షన్‌ను 30 కంటే తగ్గితే తగ్గించి ఇవ్వాలి. తగ్గించకపోతే లోపల రక్తస్రావం కావచ్చు. పైగా వయసుతో కండ కరిగిపోతుంది కాబట్టి పెద్దవాళ్లలో క్రియాటినిన్ చూడ్డానికి మామూలుగానే ఉండి మోసం చేస్తుంది.

మరి అసలు వయసు తెలుసుకోవడం ఎలా? మన కృష్ణా డెల్టాలో అది పెద్ద కష్టమేమీ కాదు. సర్వేల వాళ్లు స్థానిక సంఘటనల పట్టిక దగ్గర పెట్టుకుని అడుగుతారు. మీరూ అలాగే అడగొచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. 1968, 1980, 1992ల్లో కృష్ణా పుష్కరాలు జరిగాయి. 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం. ఇక 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. ఇటువైపు పెద్దవాళ్లకు పుట్టినరోజు గుర్తులేకపోవచ్చు గానీ ఉప్పెన గుర్తులేకపోవడం ఉండదు.

‘ఉప్పెన నాటికి మీ పెద్దబ్బాయి ఏం చదువుతున్నాడు మామ్మగారూ?’

‘అయిదో తరగతి బాబూ.’

‘కాపురానికొచ్చిన ఎన్నాళ్లకు పుట్టాడు?’

‘రెండేళ్లకు. పెళ్లినాటికి నాకు పద్దెనిమిది నిండాయో లేదో.’

‘మరి బ్యారేజీ కట్టినప్పుడు?’

‘మా తమ్ముణ్ణి చంకనేసుకుని చూడ్డానికెళ్లాగా!’

అబ్బాయి 1967లో పుట్టి ఉండాలి. పెళ్లి 1965లో. అంటే మామ్మగారు పుట్టింది 1947 ప్రాంతంలో. బ్యారేజీ నాటికి పదేళ్లు, తమ్ముణ్ణి ఎత్తుకునే వయసే. రెండు లెక్కలూ కలిశాయి. కార్డులోని 66 తప్పు. ఇలా తెలిశాక ఆధార్ మార్చడానికి పరుగెత్తమని నేననడం లేదు. ‘కార్డులో 66 ఉంది, అసలు 78 దాకా ఉంటాయి’ అని డాక్టరుకు చెప్పి కేస్ షీటులో రాయమనండి. చాలు.

ఆ లెక్కలో బరువూ ఉందని గమనించారు కదా. మంచం పట్టిన మనిషి బరువు కళ్లతో చూసి ‘ఓ అరవై’ అని రాసేయడం మామూలైపోయింది. నెలకోసారి తూచండి. ఆరు నెలల నుంచి ఏడాది లోపు, ప్రయత్నమేమీ లేకుండా నూటికి అయిదు వంతులు తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కి వస్తే, అది వయసు వల్లే అనుకోకుండా డాక్టరుకు చూపించాల్సిన విషయం.

ప్రశ్న ఎవరికి, జవాబు ఎవరిది?

మీ వీధికి ఆశా కార్యకర్త వచ్చి ఒక ఫారం నింపుతుంది. సీబ్యాక్ అంటారు. ముప్పై దాటినవాళ్ల పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం లాంటివి అందులో ఉంటాయి. అరవై దాటినవాళ్లకు విడిగా కొన్ని ప్రశ్నలున్నాయి. నిలబడినా నడిచినా తూలినట్టుంటోందా? తినడానికి, బట్టలు వేసుకోవడానికి, స్నానానికి, మరుగుదొడ్డికి ఒకరి సాయం కావాలా? దగ్గరివాళ్ల పేర్లు గానీ ఇంటి అడ్రసు గానీ మర్చిపోతున్నారా? నా దృష్టిలో ఆ ఫారంలో అన్నిటికంటే విలువైన ప్రశ్నలు ఇవే. వీటికి తలుపు దగ్గర నిలబడి కోడలో కొడుకో జవాబు చెప్పేస్తారు. ‘మా అత్తయ్యగారికేం, బాగానే ఉన్నారు.’ అత్తయ్యగారు లోపలి గదిలో ఉంటారు.

ఓపీలోనూ ఇంతే. నేను మామ్మగారిని అడుగుతాను, అబ్బాయి చెబుతాడు. ఆవిడ నోరు విప్పబోతే, ‘నీకు తెలీదు, నువ్వుండమ్మా’ అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ మూత్రం ఆపుకోలేకపోతున్నానని, నిన్న మళ్లీ పడ్డానని, రాత్రిళ్లు ఏడుపొస్తోందని కొడుకు ముందు ఏ తల్లి చెబుతుంది? పడ్డానంటే రేపటి నుంచి మేడ దిగనివ్వరు. మర్చిపోతున్నానంటే బ్యాంకు పాస్‌బుక్ తీసేసుకుంటారు. పెద్దవాళ్లు దాచేది మొండితనంతో కాదు, భయంతో.

అడిగే పద్ధతి మారితే జవాబు ఎంత మారుతుందో ఒక పెద్ద సర్వే చూపించింది. 2017-18లో దేశమంతటా 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా చేసిన లాసీ అధ్యయనం అది. అరవై దాటినవాళ్లలో తమకు డిప్రెషన్ ఉందని డాక్టరు చెప్పారన్నవాళ్లు నూటికి 0.8. అదే సర్వేలో లక్షణాలను ఒక్కొక్కటిగా ప్రశ్నల రూపంలో అడిగితే డిప్రెషన్ ఉండే అవకాశం కనిపించినవాళ్లు నూటికి 8.3. పది రెట్లు. ఆ తొమ్మిది వంతుల మందీ ఎవరి ఇళ్లలోనో ‘బాగానే ఉన్నవాళ్లే’.

కాబట్టి ఆశా వచ్చినప్పుడు ఆవిణ్ణి లోపలికి పిలిచి పెద్దవాళ్ల పక్కన కుర్చీ వేయండి. ఓ అయిదు నిమిషాలు మీరు వంటింట్లోకి వెళ్లండి. డాక్టరు గదిలోనూ మొదటి మాట వాళ్లనే చెప్పనివ్వండి. మతిమరుపు జబ్బు ఉంటే మాత్రం మీ మాట తప్పనిసరిగా కావాలి. ఆ రోగికి తన మరుపు గుర్తుండదు. అప్పుడు కూడా ఆవిడ చెప్పింది వేరుగా, మీరు చెప్పింది వేరుగా రాయమని అడగండి. వినబడని మనిషి తలూపితే దాన్ని ‘అవును’ అనుకోకండి. ముందు చెవి మిషన్ పెట్టండి.

ఇంకో చిక్కుంది. పింఛను, రేషను కార్డు మొవ్వలోనో అవనిగడ్డలోనో ఉంటాయి. మనిషి ఏడాదిలో ఎనిమిది నెలలు పటమటలో కూతురి దగ్గర ఉంటారు. ఊళ్లో ఆశా ‘ఇంట్లో లేరు’ అని రాసుకుంటుంది. ఇక్కడి ఆశా పుస్తకంలో అసలు పేరే ఉండదు. బీపీ, షుగర్ మాత్రలకు వచ్చేవాళ్లు ఎంతమందో చూసే కదా పట్టణ ఆరోగ్య కేంద్రానికి మందులు తెప్పిస్తారు! మీ వీధి ఆశాకు ‘మా అమ్మ మా దగ్గరే ఉంటోంది’ అని చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది.

మందుల విషయం కొత్తదేం కాదు, అందరు డాక్టర్లూ చెప్పేదే. చీటీలు కాదు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఓ సంచిలో వేసి తీసుకురండి. ఒకే టెల్మిసార్టన్ రెండు కంపెనీల పేర్లతో, ఇద్దరు డాక్టర్లు రాసినది, రెండూ వేసుకుంటున్నవాళ్లు దొరుకుతూనే ఉంటారు. మోకాళ్లకు ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లం, నాటు కషాయం, పెద్దాయన రాత్రి వేసుకునే పెగ్గు కూడా అందులోకే వస్తాయి. మేం తిడతామని దాచకండి. కిడ్నీ పాడైన కారణం తెలియక నాలుగు పరీక్షలు రాసే బదులు ఆ పొట్లం చూస్తే సరిపోతుంది.

చివరి కాగితం

మనిషి పోయాక కూడా ఒక వివరం మిగిలి ఉంటుంది. ఇల్లంతా దుఃఖంలో ఉన్నప్పుడు దాని గురించి ఎవరికీ పట్టదు. మరణ కారణం గడిలో ‘వృద్ధాప్యం’ అనో, ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అనో రాసేస్తారు. గుండె, ఊపిరి ఆగిపోవడం చావు జరిగిన తీరు. అందరూ అలాగే పోతారు. అది కారణం కాదు. అసలు కారణం పదేళ్ల షుగరో, రెండేళ్ల కిందటి పక్షవాతమో, కిడ్నీయో అయి ఉంటుంది. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతుకు కూడా చేరలేదు. ఏ జబ్బు ఏ మండలంలో ఎంతమందిని తీసుకెళ్తోందో తెలియాలంటే ఆ కాగితమే ఆధారం. మన జిల్లాలోని ఎ.కొండూరు తండాల కిడ్నీ బాధితులనైనా, ఉద్దానం వాళ్లనైనా లెక్కించాలంటే ఎక్కడో ఒకచోట ‘కిడ్నీ’ అని రాసి ఉండాలి.

ఫారంలో ప్రతి కారణం పక్కన అది ఎన్నాళ్లుగా ఉందో రాయడానికి చోటుంటుంది. పాత ఫైలు తీసుకెళ్లి చూపించండి. షుగర్ ఏ ఏడాది బయటపడింది, పక్షవాతం ఎప్పుడొచ్చింది, డయాలసిస్ ఎన్నాళ్లు చేయించారు చెప్పండి. ఆసుపత్రిలో పోతే నింపేది 4వ నంబరు ఫారం, ఇంట్లో పోతే 4ఎ. చివరి జబ్బుకు చికిత్స చేసిన డాక్టరే దాన్ని ఇవ్వాలి. అందుకు ఫీజు తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి.